కండరాల జబ్బులో గుండె లయ: ఏ జన్యువు ఎక్కడ దెబ్బ కొడుతుంది

ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. దాని మీది ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లకు సమానం. చిన్న పి అల మొదలైన చోటి నుంచి, దాని వెనకే వచ్చే నిటారు క్యూఆర్‌ఎస్ అల మొదలయ్యే చోటి దాకా గళ్లు లెక్కపెడితే పీఆర్ వ్యవధి వస్తుంది. గుండె పై గదుల్లో పుట్టిన విద్యుత్ సంకేతం కింది గదులకు చేరడానికి పట్టే సమయం అది. పెద్దవాళ్లలో మూడు గళ్ల నుంచి ఐదు గళ్ల మధ్య ఉండాలి. బిగిసిన కండరం వెంటనే వదలని వంశపారంపర్య జబ్బు మయోటోనిక్ డిస్ట్రఫీ. అది ఉన్న మనిషిలో పీఆర్ ఆరు గళ్లకు, అంటే 240 మిల్లీసెకన్లకు చేరిందంటే, అతను మెట్లు సునాయాసంగా ఎక్కుతున్నా సరే, గుండె వైద్యుడు వెంటనే చూడాలి.

వంశపారంపర్య కండరాల జబ్బుల్లో కుటుంబాలే కాదు, కొన్నిసార్లు వైద్యులు కూడా పొరబడేది ఇక్కడే. కాళ్లూ చేతులూ ఎంత నీరసిస్తే గుండె అంత దెబ్బతింటుందని అనుకుంటారు. నడవగలుగుతున్నాడు కాబట్టి గుండెకు భయం లేదంటారు. కొన్ని జబ్బుల్లో ఈ లెక్క సరిపోతుంది. హఠాత్తుగా ప్రాణం తీసే జబ్బుల్లో మాత్రం అస్సలు సరిపోదు. లయ తప్పే ప్రమాదం ఏ జన్యువు పాడైందన్న దాన్ని బట్టి ఉంటుంది కానీ, కండరం ఎంత కరిగిందన్న దాన్ని బట్టి కాదు.

అసలు కండరాల జన్యువుకూ గుండె విద్యుత్తుకూ సంబంధం ఏమిటి? గుండెలో సంకేతాన్ని మోసేవి నరాలు కావు. పైన కుడివైపున్న సైనస్ నోడ్, పై గదులకూ కింది గదులకూ నడుమ ఉన్న ఏవీ నోడ్, అక్కడి నుంచి దిగే హిస్ కట్ట, దాని కుడి ఎడమ శాఖలు, చివరి పర్కింజీ పోగులు, ఇవన్నీ ఆ పనికోసం ప్రత్యేకంగా మారిన గుండె కండర కణాలే. కండర కణాన్ని దెబ్బతీసే లోపం వీటినీ వదలదు. పైగా హిస్ కట్ట సన్నటి దారి. గుండె గోడలో కొన్ని లక్షల కణాలు పోయినా పక్క కణాలు పని లాక్కొస్తాయి. ఈ సన్నటి దారిలో కొద్దిపాటి మచ్చ పడినా సంకేతం ఆగిపోతుంది. గుండె పంపు బాగానే ఉన్నట్టు ఎకో స్కాన్‌లో కనబడుతూనే లయ తప్పడానికి కారణం ఇదే.

అందరికీ పేరు తెలిసిన డుషేన్ డిస్ట్రఫీ నిజానికి ఈ కథలో పెద్ద పాత్రధారి కాదు. ఎక్స్ క్రోమోజోము మీద 79 ఎక్సాన్ల డీఎండీ జన్యువు పాడై డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాకపోవడంతో, కణం పైపొర సంకోచించిన ప్రతిసారీ చిరుగుతుంది. గుండెలో ముందు గోడ దెబ్బతిని, మచ్చ పడి, ఆ తర్వాతే లయ తప్పుతుంది. చిన్నప్పటి నుంచీ గుండె వేగంగా కొట్టుకోవడం మామూలే. ప్రమాదకరమైన లయలు ఎక్కువగా పంపు బలం పడిపోయాక వస్తాయి. అందుకే ఇక్కడ పదేళ్ల వయసుకల్లా గుండె మీద భారం తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్ మందులు మొదలుపెట్టి గోడను కాపాడుకోవడం మీదే దృష్టి. కండరం, గుండె ఇంచుమించు కలిసి నడిచే జబ్బు ఇది. మిగతావి అలా నడవవు.

వాటిలో మొదట చెప్పాల్సింది ఎమెరీ-డ్రైఫస్ డిస్ట్రఫీ. అలన్ ఎమెరీ, ఫ్రిట్జ్ డ్రైఫస్ 1966లో అమెరికాలోని వర్జీనియాకు చెందిన ఒక కుటుంబాన్ని పరిశీలించి దీన్ని వర్ణించారు. బలహీనత చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి అప్పట్లో దీన్ని నిరపాయకరమైన రకం అన్నారు. కండరాల వరకే చూస్తే ఆ మాట తప్పు కాదు. గుండె దగ్గరకొచ్చేసరికి అంతకన్నా తప్పుదారి పట్టించే మాట ఉండదు.

ఈ జబ్బును కళ్లతోనే పట్టుకోవచ్చు. నీరసం కనబడకముందే కీళ్లు బిగుసుకుంటాయి. పిల్లవాడు మోచేతులు పూర్తిగా చాపలేడు. మడమలు నేలకు ఆనక మునివేళ్ల మీద నడుస్తాడు. తల వంచమంటే గడ్డం ఛాతీకి తగలదు. ఆ తర్వాత భుజం నుంచి మోచేతి దాకా, మోకాలి కింద ముందువైపు కండరాలు సన్నబడతాయి. చాలామందిని మొదట మడమ సమస్యతో ఎముకల వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్తారు. స్నాయువు పొడిగించే ఆపరేషన్‌కు తేదీ కూడా పడుతుంది. మత్తు ఇచ్చేముందు ఒక్క ఈసీజీ తీసి, మోచేతులనూ మెడనూ పరీక్షిస్తే అసలు జబ్బు బయటపడే సందర్భం అది.

ఈ ఒక్క పేరు కింద ముఖ్యంగా రెండు జన్యువులున్నాయి. ఎక్స్ క్రోమోజోము చివర ఉండే ఈఎండీ జన్యువును 1994లో గుర్తించారు. అది తయారుచేసే ఎమెరిన్ 254 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. కణ కేంద్రకం లోపలి పొరలో ఉంటుంది. రెండోది ఒకటో క్రోమోజోము మీది ఎల్‌ఎంఎన్‌ఏ. కండర జబ్బుతో దీని సంబంధం 1999లో తేలింది. లామిన్ ఎ, లామిన్ సి అనే ప్రొటీన్లు దీని నుంచే వస్తాయి. కేంద్రకం గోడకు లోపలివైపు ఇవి వలలా అల్లుకుని ఉంటాయి. నులకమంచం పట్టీలు వదులైతే మధ్యలో కుంగినట్టు, ఈ వల బలహీనపడితే కేంద్రకం ఆకారం తప్పుతుంది. రోజుకు లక్షసార్లు ముడుచుకునే గుండె కణంలో ఆ ఒత్తిడి ఎంతో చెప్పనక్కర్లేదు. అయితే పాడయ్యేది ఆకారం ఒక్కటే కాదు. ఏ జన్యువులు పనిచేయాలో, ఏవి ఊరుకోవాలో నిర్ణయించడంలో లామిన్లకు వాటా ఉంది. వల పాడైన కణంలో ఒత్తిడి సంకేతాలు అదుపు లేకుండా ఎగిసి, మచ్చ కణజాలం పెరుగుతుంది. పక్కపక్క కణాల మధ్య కరెంటును దాటించే కనెక్సిన్ 43 ఉండాల్సిన చోట ఉండకుండా చెదిరిపోతుంది. ఒకచోట దారి మూసుకుపోతుంది, మరోచోట కరెంటు సుడి తిరుగుతుంది. మొదటిది గుండెను నెమ్మదింపజేస్తుంది, రెండోది పరుగెత్తిస్తుంది. ఒకే లోపంతో రెండూ జరుగుతాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయక్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది ఈ లామిన్ల మీదే.

ఈఎండీ లోపంలో ముందు పై గదులు దెబ్బతింటాయి. పి అల ఏడాదికేడాది చిన్నదవుతూ చివరికి మాయమవుతుంది. పై గదులు విద్యుత్తుకు స్పందించడం మానేసి ఊరుకుంటాయి. దీన్ని ఏట్రియల్ స్టాండ్‌స్టిల్ అంటారు. గుండె నిమిషానికి నలభై చొప్పున నెమ్మదిగా కొట్టుకుంటుంది. కదలని గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. కాబట్టి పేస్‌మేకర్‌తో పని అయిపోదు, రక్తం గడ్డకట్టకుండా మందు కూడా వాడాల్సి వస్తుంది. జన్యువు ఎక్స్ మీద ఉంది కాబట్టి జబ్బు మగపిల్లల్లో కనబడుతుంది. అలాగని తల్లికీ అక్కచెల్లెళ్లకూ ఏమీ కాదని వదిలేయకూడదు. జన్యు మార్పు మోస్తున్న ఆడవాళ్లకు కండరాలు బాగానే ఉన్నా, వయసు పెరిగేకొద్దీ గుండెలో విద్యుత్ సంకేతానికి అడ్డంకి రావచ్చు. వాళ్లకూ ఈసీజీ తీయాలి.

ఎల్‌ఎంఎన్‌ఏ ఇంకా కఠినమైనది. ఒకే జన్యువులోని మార్పులు ఒక కుటుంబంలో ఎమెరీ-డ్రైఫస్‌గా, ఇంకొక కుటుంబంలో తుంటి, భుజాల కండరాల నీరసంగా, మరొక చోట కండరాలకు ఏమీ లేకుండా గుండె జబ్బుగా మాత్రమే కనబడతాయి. ఒకే ఇంట్లో అన్నకు మోచేతులు బిగుసుకుని, తమ్ముడికి గుండె మాత్రమే పాడైన సందర్భాలున్నాయి. వరస మాత్రం చాలామందిలో ఒకేలా ఉంటుంది. ఇరవైల్లో, ముప్పైల్లో పీఆర్ వ్యవధి పెరుగుతుంది. పై గదులు అడ్డదిడ్డంగా వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. పూర్తి అడ్డంకి వచ్చి పేస్‌మేకర్ అవసరపడుతుంది. ఆ తర్వాతో, అంతకుముందో కింది గదుల నుంచి ప్రాణాంతకమైన వేగపు లయలు పుడతాయి. పంపు బలం తగ్గడం తరచు వీటన్నిటి వెనకాల వస్తుంది. 2005లో అచ్చైన విశ్లేషణలో, ముప్పై ఏళ్లు దాటిన ఎల్‌ఎంఎన్‌ఏ మార్పు గలవారిలో 92 శాతం మందికి ఏదో ఒక లయ సమస్య ఉంది. మరణాల్లో హఠాన్మరణం వాటా 46 శాతం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ హఠాన్మరణాలు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి.

కాస్త ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. పేస్‌మేకర్ గుండె ఆగిపోకుండా కొట్టిస్తుంది. అదుపు తప్పి పరుగెత్తే గుండెను ఆపలేదు. ఆ పని చేయగలిగింది షాక్ ఇచ్చే ఐసీడీ. ఫ్రాన్స్‌లో పేస్‌మేకర్ అవసరమైన 19 మంది ఎల్‌ఎంఎన్‌ఏ రోగులకు దాని బదులు ఐసీడీ పెట్టి చూశారు. ఆ ఫలితం 2006లో వచ్చింది. సగటున మూడేళ్ల లోపే 8 మందికి ఆ పరికరం నిజమైన ప్రమాదకర లయను గుర్తించి ఆపింది. మామూలు పేస్‌మేకర్‌తో ఇంటికి పంపి ఉంటే ఆ 8 మంది సంగతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అందుకే కారణం తెలియని ఏవీ బ్లాక్‌తో, అంటే పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అందని అడ్డంకితో, యాభై ఏళ్లలోపు మనిషి వచ్చినప్పుడు, పేస్‌మేకర్ పెట్టడానికి తొందరపడకుండా మోచేతులు చాపించి చూడాలి, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే చూడాలి, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా అని అడగాలి, జన్యు పరీక్షకు రక్తం పంపాలి. తాత్కాలిక పేసింగ్‌తో కొన్ని రోజులు ఆగగలిగితే ఆగవచ్చు. ఒకసారి మామూలు పేస్‌మేకర్ పెట్టాక దాన్ని ఐసీడీగా మార్చడమంటే రెండో ఆపరేషన్, రెండో ఖర్చు, ఇన్‌ఫెక్షన్ భయం.

ఎల్‌ఎంఎన్‌ఏ ఉన్న అందరికీ ఐసీడీ అక్కర్లేదు. మగవాడు కావడం, జన్యు మార్పు ప్రొటీన్‌ను మధ్యలోనే తెంపేసే రకం కావడం, ఒంటికి తగిలించి రోజంతా తీసే ఈసీజీ, అంటే హోల్టర్‌లో, కొద్దిసేపు వచ్చి ఆగిన వేగపు లయ, ఏవీ అడ్డంకి, ఎడమ గది పంపు శక్తి తగ్గడం, వీటిని కలిపి ఐదేళ్ల ప్రమాదాన్ని లెక్కగట్టే సూత్రం 2019 నుంచి వాడుకలో ఉంది. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ఆ లెక్క 10 శాతానికి చేరి, హోల్టర్‌లో వేగపు లయ, ఏవీ అడ్డంకి, పంపు శక్తి తగ్గడం, వీటిలో ఒకటైనా ఉంటే ఐసీడీ ఆలోచించమంటాయి. పోటీ ఆటలు, ఒళ్లు హూనమయ్యే వ్యాయామం వద్దని చెప్పడం కూడా చికిత్సలో భాగమే. జబ్బు మూలాన్ని తాకే మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఒత్తిడి సంకేతాల్లో ఒకటైన పీ38ను అడ్డుకునే మాత్ర మీద ఆశలు పెట్టుకున్న పెద్ద ట్రయల్‌ను, ఫలితం ఉండదని తేలడంతో 2022లో ఆపేశారు.

మయోటోనిక్ డిస్ట్రఫీ మొదటి రకంలో లోపం తీరే వేరు. 19వ క్రోమోజోము మీది డీఎంపీకే జన్యువు తోక భాగంలో సీటీజీ అనే మూడక్షరాలు వరసగా పునరావృతమవుతాయి. మామూలు మనుషుల్లో 5 నుంచి 34 సార్లు. 50 దాటితే జబ్బు. పుట్టుకతోనే తీవ్రంగా వచ్చే రకంలో వెయ్యి కూడా దాటుతుంది. తరం మారేకొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది. తాతకు నలభై ఐదేళ్లకే శుక్లాలు రావడం తప్ప ఏమీ ఉండదు, కూతురికి ముప్పైల్లో చేతి పట్టు వదలదు, ఆమె బిడ్డ పుడుతూనే ఊపిరికి కష్టపడుతుంది. మూడు తరాల జబ్బులూ ఒకటేనని ఎవరో ఒకరు కలిపి చూసేదాకా తెలియదు.

1992లో ఈ లోపం బయటపడినప్పుడు డీఎంపీకే ప్రొటీన్ తగ్గడమే జబ్బు అనుకున్నారు. ప్రధాన దోషం ప్రొటీన్‌ది కాదని, ఆర్‌ఎన్‌ఏదని తర్వాత తేలింది. పొడవైన పునరావృతాలున్న ఆర్‌ఎన్‌ఏ మడతపడి, జడపిన్నులా ముడుచుకుని కేంద్రకంలోనే చిక్కుకుపోతుంది. ఎంబీఎన్‌ఎల్ అనే ప్రొటీన్లను అది పట్టి ఉంచుకుంటుంది. వేరే జన్యువుల ఆర్‌ఎన్‌ఏను సరిగ్గా కత్తిరించి అతికించడం, అంటే స్ప్లైసింగ్, వాటి పని. అవి దొరక్కపోతే పెద్దవాళ్ల కణాల్లో గర్భస్థ శిశువు నాటి ప్రొటీన్లు తయారవుతాయి. కణం పొరలో లవణాలను దాటనిచ్చే దారులను చానెళ్లంటారు. క్లోరైడ్ చానెల్ అలా మారితే పిడికిలి వదలదు. ఇన్సులిన్ గ్రాహకం మారితే చక్కెర అదుపు తప్పుతుంది. గుండెలో సోడియం చానెల్‌ను తయారుచేసే ఎస్‌సీఎన్5ఏ కూడా అలాగే శిశు రూపానికి తిరిగిపోతుందని 2016లో చూపారు. ఆ శిశు చానెల్ తెరుచుకోవడానికి ఎక్కువ ప్రేరణ కావాలి. అంటే ప్రతి కణమూ కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది, కొంచెం ఆలస్యంగా పక్కకు అందిస్తుంది. ఆ ఆలస్యాలన్నీ కూడితే ఈసీజీలో పీఆర్ సాగుతుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. దానికి తోడు హిస్ కట్టలో మచ్చ పడుతుంది.

ఈ ప్రమాదం ఎంతో 2008లో వచ్చిన అమెరికా అధ్యయనం చెబుతుంది. 406 మందిని సగటున 5.7 ఏళ్లు గమనించారు. 81 మంది చనిపోయారు. అందులో 27 హఠాన్మరణాలు. పీఆర్ 240 మిల్లీసెకన్లు గానీ, క్యూఆర్‌ఎస్ 120, అంటే మూడు చిన్న గళ్లకు గానీ చేరినా, రెండో మూడో దశ ఏవీ బ్లాక్ ఉన్నా, లయ సైనస్ నోడ్‌ది కాకపోయినా హఠాన్మరణ ప్రమాదం మూడు రెట్లకు పైగా ఉంది. పై గదుల వేగపు లయ ఉన్నవాళ్లలో ఐదు రెట్లకు పైగా.

ఇలాంటి ఈసీజీ కనబడ్డాక చేసే పరీక్ష ఎలక్ట్రోఫిజియాలజీ. తొడ మడత దగ్గరి సిర గుండా సన్నటి తీగ పంపి, హిస్ కట్ట నుంచి కింది గదులకు సంకేతం చేరడానికి పట్టే హెచ్‌వీ వ్యవధిని కొలుస్తారు. మామూలుగా 35 నుంచి 55 మిల్లీసెకన్లు. 70కి చేరితే, మనిషికి కళ్లు తిరగకపోయినా, శాశ్వత పేస్‌మేకర్ పెట్టమంటారు. ఈ జబ్బులో మనిషి తన బాధ తనంతట తాను చెప్పడు. పగటి నిద్ర, మందకొడితనం జబ్బు లక్షణాలే కాబట్టి, మగతను నీరసమనీ, నీరసాన్ని వయసనీ సర్దుకుంటాడు. ఇంట్లోవాళ్లు గుచ్చి గుచ్చి అడగాలి: నిలబడి ఉండగా కళ్లు చీకట్లు కమ్మాయా, ఎప్పుడైనా పడిపోయాడా, పడినప్పుడు చేతులు అడ్డం పెట్టుకున్నాడా? చేతులు పెట్టుకోకుండా ముఖం మీద పడ్డాడంటే కాలు తడబడి పడలేదు, స్పృహ తప్పి పడ్డాడేమోనని అనుమానించాలి.

మందుల్లో ఒక మెలిక ఉంది. పిడికిలి బిగింపుకు బాగా పనిచేసే మెక్సిలెటిన్ కూడా సోడియం చానెల్‌నే అడ్డుకుంటుంది. ఇప్పటికే బలహీనంగా ఉన్న చానెల్ మీద ఇంకొక భారం అది. మొదలుపెట్టేముందు, మోతాదు పెంచాక ఈసీజీ తప్పనిసరి. రెండో, మూడో దశ అడ్డంకి ఉండి పేస్‌మేకర్ లేనివాళ్లకు ఇవ్వకూడదు. ఆపరేషన్ సంగతి ఇంకా జాగ్రత్త. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాడితే దవడ, ఛాతీ బిగుసుకుపోయి గొంతులో గొట్టం వేయడమే కుదరకపోవచ్చు. మత్తు మందులకూ మార్ఫిన్ జాతి మందులకూ ఊపిరి మామూలు మనిషిలో కన్నా తేలిగ్గా మందగిస్తుంది. పంటి ఆపరేషనైనా, శుక్లాల ఆపరేషనైనా జబ్బు పేరు ముందే చెప్పాలి.

మిగతా జబ్బుల్లో రెండింటిని తప్పక గుర్తుంచుకోవాలి. ఇరవై ఏళ్లలోపే కనురెప్పలు వాలిపోయి, కళ్లు పక్కకు తిప్పలేక, రేచీకటి మొదలైతే అది కెర్న్స్-సేర్ సిండ్రోమ్ కావచ్చు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అది 16,569 అక్షరాలది. అందులో పెద్ద ముక్క, తరచు కనబడేది 4,977 అక్షరాలది, ఊడిపోవడం దీనికి కారణం. శక్తి చాలక హిస్ కట్ట చచ్చుబడుతుంది. ఇవాళ ఒక శాఖ అడ్డంకిగా కనబడింది చూస్తుండగానే పూర్తి అడ్డంకి కావచ్చు కాబట్టి పేస్‌మేకర్‌ను వాయిదా వేయరు. రెండోది ఆండర్సన్-టవిల్. కేసీఎన్‌జే2 జన్యువులో లోపం వల్ల పొటాషియం చానెల్ పనిచేయక, ఉండుండి కాళ్లూ చేతులూ చచ్చుబడే దఫాలు, ఈసీజీలో పెద్ద యు అల, కింది గదుల నుంచి వచ్చే లయ తప్పిన దెబ్బలు కలిసి వస్తాయి. చిన్న దవడ, దిగువన ఉండే చెవులు, వంకర చిటికెన వేలు చూసి గుర్తుపట్టేవాళ్లున్నారు. ఇందులో గోడ పాడవదు, చానెలే పాడవుతుంది.

జన్యు పరీక్ష చేయించేటప్పుడు డబ్బు వృథా అయ్యేది, ధైర్యం తప్పుగా వచ్చేది ఒకేచోట. ప్రొటీన్లను తయారుచేసే జన్యు భాగాలన్నిటినీ చదివే ఎక్సోమ్ పరీక్ష ఎల్‌ఎంఎన్‌ఏ, ఈఎండీ, డెస్మిన్ వంటి జన్యువుల్లో అక్షర మార్పులను బాగా పట్టుకుంటుంది. మయోటోనిక్ డిస్ట్రఫీని మాత్రం మామూలుగా పట్టుకోదు. వందలసార్లు పునరావృతమైన వరసను చిన్న చిన్న ముక్కలుగా చదివే యంత్రం లెక్కపెట్టలేదు. దానికి ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్, అవసరమైతే సదరన్ బ్లాట్ అనే పరీక్షలు విడిగా అడగాలి. ఎక్సోమ్‌లో ఏమీ లేదని రాసిన కాగితం చూసి మయోటోనిక్ డిస్ట్రఫీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. డుషేన్‌కు ముందు జన్యువులో ఊడిన ముక్కలను పట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష చేయించాలి, ఎక్కువమందిలో ఉండేది ముక్క ఊడిపోవడమే కాబట్టి. కెర్న్స్-సేర్‌లో ఊడిన ముక్క రక్తంలో కనబడకపోవచ్చు, కండరం ముక్క పరీక్షిస్తేనే తెలుస్తుంది. మయోటోనిక్ డిస్ట్రఫీలో రక్తంలో తేలిన సంఖ్యే గుండెలోనూ ఉంటుందనుకోకూడదు. కండరంలో, గుండెలో అది చాలా పొడవుగా ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ సగటున ప్రమాదం పెరుగుతుంది కానీ, తక్కువ సంఖ్య వచ్చిందని ఒక మనిషికి ఈసీజీ మానేయడం తగదు.

తెలుగు ఇళ్లలో జన్యు జబ్బు అనగానే మొదట వచ్చే ప్రశ్న మేనరికం గురించి. తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు పాడైన నకలు (కాపీ) రావాల్సిన జబ్బుల్లో మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది. మయోటోనిక్ డిస్ట్రఫీ, ఎక్కువ ఎల్‌ఎంఎన్‌ఏ జబ్బులు అలాంటివి కావు. ఒక్క తల్లి నుంచో, ఒక్క తండ్రి నుంచో వచ్చిన ఒక్క నకలు చాలు. ప్రతి బిడ్డకూ సగం అవకాశం. సంబంధం బయట చేసుకున్నా అంతే, మేనమామను చేసుకున్నా అంతే. ఎల్‌ఎంఎన్‌ఏలో తల్లిదండ్రులిద్దరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టే మార్పులూ తక్కువేం కాదు. కాబట్టి మాది దూరపు సంబంధం, మాకు రాదు అనే మాటకు ఇక్కడ ఆధారం లేదు. ఇంట్లో ఒకరికి మార్పు తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ ఆ ఒక్క మార్పునే వెతికే పరీక్ష చాలు, మొత్తం ఎక్సోమ్ మళ్లీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ డయాగ్నస్టిక్స్ విభాగం ఇలాంటి జన్యు పరీక్షలు చేస్తుంది.

మార్పు ఉన్నవాళ్లకు బాధలేమీ లేకపోయినా ఏటా ఈసీజీ, వైద్యుడు చెప్పిన వ్యవధిలో 24 గంటల హోల్టర్, ఎకో ఉండాలి. ఎల్‌ఎంఎన్‌ఏలో మచ్చలను స్పష్టంగా చూపే గాడోలినియం మందు ఇచ్చి తీసే గుండె ఎంఆర్‌ఐ, పంపు బాగున్నప్పుడే రెండు కింది గదుల మధ్య గోడలో పడిన మచ్చను చూపగలదు. వీటన్నిటిలో చవకైనది ఈసీజీయే. దాని విలువ ఒక్క కాగితంలో కన్నా వరసలో ఎక్కువ. పీఆర్ 210 ఉందంటే ఒక సంగతి. మూడేళ్ల కింద 160, నిరుడు 185, ఇప్పుడు 210 అంటే పూర్తిగా వేరే సంగతి. ఈసీజీ కాగితం మీది గీత వేడికి నల్లబడే పూతతో వచ్చింది, సిరా కాదు. బీరువాలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం కొన్నేళ్లకు తెల్లగా తేలిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించి, ఫోనులో ఫొటో తీసి, తేదీ కనబడేలా దాచుకోవాలి. ప్రతిసారీ పాతవన్నీ కొత్తదాని పక్కన పెట్టి గళ్లు లెక్కపెట్టమని వైద్యుణ్ని అడగాలి.